మూడో నంబరులో డి.ఇ. గారి విశ్రాంతి

ఆత్మకూరులో గ్రామాల నీటి వసతి చూసే డిప్యూటీ ఇంజనీరు రామనారాయణ గారికి విశ్రాంతి అత్యవసరమని 1996 ఫిబ్రవరిలో నెల్లూరు డాక్టరొకాయన తేల్చి చెప్పాడు. రక్తపోటు పెరిగింది, నిద్ర తగ్గింది. ఈ సంగతి విని ఆఫీసులో అందరూ విచారించారు. ఆయనకు విశ్రాంతి కరువైందన్న విషయం అంతవరకు ఎవరి దృష్టికీ రాకపోవడం గురించి మరింత విచారించారు.

ఆయన పదకొండింటికి ఆఫీసుకు వచ్చేవాడు. పన్నెండున్నర దాకా దరఖాస్తులు చూసి, వాటిలో ఏదీ సాధ్యం కాదని రాసి సంతకం పెట్టేవాడు. ఇంటికి వెళ్ళి భోంచేసి మూడున్నరకు మళ్ళీ వచ్చేవాడు. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుని పల్లెల దాహం గురించి ఆలోచించేవాడు. ఆ ఆలోచన ఒక్కోనాడు గురక దాకా వెళ్ళేది. అయితే ఆఫీసు కుర్చీలో పోయే నిద్రను వైద్యశాస్త్రం విశ్రాంతి కింద లెక్కవేయదని డాక్టరు చెప్పాడు. ఊరు వదిలి, గాలి మారి, మనసుకు ఉల్లాసం కలగాలట.

ఉల్లాసానికి ఆ ఊళ్ళో బాధ్యత వహించే సంస్థ ఒకటుంది. దాని పేరు మిత్ర వినోద మండలి. దాని కార్యదర్శి ఫోటో స్టూడియో వెంకటరమణ. ఆయన బావమరిది పెళ్ళికని బెంగుళూరు వెళ్ళి, అక్కడి పెద్దమనుషులు ఆడే ఒక కొత్త ఆట నేర్చుకుని వచ్చాడు. ఎవరో ఒకరు ఊళ్ళవెంట డబ్బాలు దాచిపెడతారు. మిగతావాళ్ళు కార్లు వేసుకుని, చీటీలో రాసిన గుర్తులను బట్టి వాటిని వెతుక్కుంటూ పోతారు.

"దొరికిన డబ్బాలో ఏముంటది?" అని రామనారాయణ గారు అడిగాడు.

"ఒక నోటుబుక్కు, పెన్సిలు, తర్వాతి డబ్బాకు గుర్తులు ఉంటాయి సార్. బుక్కులో టైము రాసి సంతకం పెట్టాల. డబ్బాను మళ్ళీ ఆడనే పెట్టేసి ముందుకు పోవాల."

"అంతేనా?"

"అంతే సార్."

డి.ఇ. గారికి ఆట వెంటనే నచ్చింది. సంతకం పెట్టి, ఎక్కడి వస్తువును అక్కడే ఉంచి ముందుకు సాగిపోవడంలో ఆయనకు ఇరవై ఆరేళ్ళ అనుభవం ఉంది.

రెండో శనివారం నాలుగు జీపులు ఒక్కోటి ఒక్కో దారిన బయలుదేరాయి. డి.ఇ. గారి దారిలో మొదటి డబ్బా సోమశిల డ్యాము దగ్గర, అందరికీ చివరిది ఉదయగిరి కొండ కింద. డి.ఇ. గారు ఆఫీసు జీపులోనే వెళ్ళాడు. జీపు ప్రభుత్వానిది, డీజిలూ ప్రభుత్వానిదే. సెలవు మాత్రం ఆయన సొంతం. డ్రైవరు చెంచయ్య లాగ్ బుక్కు తెరిచి, ప్రయాణ కారణం అన్న గడిలో 'భూగర్భ జల పరిశీలన' అని రాశాడు. డి.ఇ. గారు దానికి సంతకం చేశాడు. ఆ గడిలో 'డబ్బాలాట' అని రాసే అలవాటు ఏ ఆఫీసులోనూ లేదు.

డ్యాము దగ్గరి డబ్బా చెంచయ్యకు దొరికింది. రెండో డబ్బాకు గుర్తులు అందులో ఉన్నాయి: 'మూడో నంబరు కాలనీ. పాడుబడ్డ బోరు నుంచి తూర్పుగా నలభై అడుగులు నడువు. జంటరాళ్ళ సందులో చూడు.'

మూడో నంబరు కాలనీ సంగతి రెండు మాటల్లో చెప్పాలి. డ్యాము కట్టినప్పుడు మునిగిపోయిన ఒక ఊరిని ప్రభుత్వం వారు తెచ్చి ఆ మెట్ట మీద పెట్టారు. పాత ఊరికి పేరుండేది, కొత్త ఊరికి నంబరిచ్చారు. పాత ఊళ్ళో ఇప్పుడు నీళ్ళకు కొదవ లేదు. ఇళ్ళ కప్పుల మీద కూడా నీళ్ళే. కొత్త ఊళ్ళో మాత్రం ఒక బోరు వేశారు. బోరు లారీ వెనక్కి తిప్పుకోవడానికి ఎక్కడ వీలుగా ఉందో అక్కడ వేశారు. లారీ చక్కగా తిరిగింది, బోరు ఎండిపోయింది. ఆడవాళ్ళు రెండు మైళ్ళు నడిచి ఒక రైతు బావి నుంచి నీళ్ళు మోసుకుంటున్నారు. చర్చి పెద్ద సామ్యేలు అప్పటికి పదకొండు దరఖాస్తులు రాశాడు. వాటిలో మూడింటికి జవాబు వచ్చింది. ఆ ప్రాంతంలో భూగర్భ జలం లేదని ధృవీకరిస్తూ మూడింటి మీదా రామనారాయణ గారి సంతకం ఉంది. ఆయన ఆ కాలనీని చూడటం మాత్రం ఇదే మొదలు.

జీపు ఆగింది. డి.ఇ. గారు టోపీ పెట్టుకుని, వెంకటరమణ ఇచ్చిన దిక్సూచి పట్టుకుని, పాడుబోరు దగ్గర నిలబడి తూర్పు ఎటో కనుక్కున్నాడు. తర్వాత బిగ్గరగా లెక్కపెట్టుకుంటూ నలభై అడుగులు నడిచాడు. జంటరాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సందులో కర్ర పెట్టి పొడిచాడు. ఏమీ తగల్లేదు. చెంప నేలకు ఆనించి రాతి కిందికి చూశాడు.

కాలనీ అంతా వాకిళ్ళలోకి వచ్చింది. పద్నాలుగేళ్ళలో అక్కడికి వచ్చిన అధికారి ఎవరూ జీపు ఇంజను ఆపిన పాపాన పోలేదు. ఈయన ఏకంగా నేలమీద పడుకున్నాడు.

"భూమికి చెవి పెట్టి వింటుండాడే!" అంది హన్నమ్మ. ఆమె డెబ్బైకి దగ్గరపడిన మనిషి, ఆ వాడకు అవ్వ.

సామ్యేలు భయభక్తులతో దగ్గరికి వెళ్ళి, చేతులు కట్టుకుని అడిగాడు. "ఉండాదా సార్?"

డి.ఇ. గారు డబ్బా ధ్యాసలో ఉన్నాడు. "ఉండాలి" అన్నాడు విసుగ్గా. "కచ్చితంగా ఇక్కడే ఉండాలి."

"శానా లోతులోనా సార్?"

"లోతెందుకుంటది? పైపైనే ఉంటది. సరిగ్గా చూస్తే దొరకాల."

సామ్యేలు వెనక్కి తిరిగి జనం వైపు చూశాడు. ఆయన నోరు విప్పకముందే ఆ మాట చివరి ఇంటి దాకా వెళ్ళిపోయింది.

డబ్బా దొరకలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. డి.ఇ. గారికి కళ్ళు తిరిగినట్టయింది. "సార్, డాక్టరు చెప్పినాడు గదా, కాసేపు నడుం వాల్చండి. డబ్బా యాడికీ పోదులే" అని చెంచయ్య గొణిగాడు. వేపచెట్టు నీడన నులకమంచం పడింది. హన్నమ్మ పెద్ద చెంబుతో నీళ్ళు తెచ్చింది. డి.ఇ. గారు సగం తాగి, మిగిలిన సగంతో కాళ్ళు కడుక్కున్నాడు. ఆ నీళ్ళు మట్టిలోకి ఇంకిపోవడాన్ని చుట్టూ ఉన్న ఆడవాళ్ళు రెప్ప వేయకుండా చూశారు. హన్నమ్మ ఖాళీ చెంబు తీసుకుని, లోపల ఒక బొట్టయినా మిగిలిందేమోనని చూసి వెళ్ళింది.

ఆయన నిద్రపోయాడు. ఎన్నేళ్ళుగానో రాని నిద్ర అది. కాలనీ వాళ్ళు రోకళ్ళు ఆపారు, రేడియో కట్టేశారు, కుక్కల్ని అవతలికి తరిమారు. ఏడ్చే పిల్లల్ని తల్లులు చంకనేసుకుని మెట్ట దిగిపోయారు. ఈలోగా సామ్యేలు, మరో ఇద్దరు కలిసి జంటరాళ్ళ చుట్టూ సున్నంతో వలయం గీశారు. ప్రజలు ఒక ప్రభుత్వ అధికారి నిద్రకు అంత సహకరించడం ఆ తాలూకాలో అదే మొదలు కాకపోవచ్చు గాని, తెలిసి సహకరించడం మాత్రం అదే మొదలు.

రెండు గంటల తర్వాత చేపల పులుసు వాసనకు ఆయన లేచాడు. హన్నమ్మ సంగటి ముద్ద, సోమశిల చేపల పులుసు పెట్టింది. ఉప్పు మానేయమన్న డాక్టరును తలచుకోకుండా ఆయన రెండు ముద్దలు తిన్నాడు. తిని చెయ్యి కడుక్కోబోతూ, ఎందుకో ఈసారి చెంబు వంక చూసి, రెండు వేళ్ళే తడుపుకుని తువాలుకు తుడుచుకున్నాడు.

హన్నమ్మ ఆకువక్క వేసుకుందామని పక్కనున్న డబ్బా తెరిచింది. నీలం రంగు వేసిన పాలపొడి డబ్బా. దాని మీద తెల్లగా '2' అంకె.

"అవ్వా, ఆ డబ్బా ఎక్కడిది?" అన్నాడు డి.ఇ. గారు.

"మొన్న పుల్లలకు పోతే ఆ రాళ్ళ సందున దొరికింది నాయనా. దేవుడిచ్చిన డబ్బా. లోపల తెల్లకాయితాల పుస్తకం కూడా ఉండింది. సామ్యేలుకు ఇచ్చినాను, అర్జీలు రాస్తాడు గదా అని."

సరిగ్గా అప్పుడే సామ్యేలు పన్నెండో దరఖాస్తు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. కాగితం పైన మిత్ర వినోద మండలి ముద్ర, దాని కింద 'తాగునీటి కొరకు విన్నపము'. డి.ఇ. గారు కలం తీశాడు. ఆ పుస్తకంలో సంతకం పెట్టాలన్నది ఆట నియమం. దరఖాస్తు మీద పెట్టాలన్నది ఉద్యోగ ధర్మం. నేను వెతికింది డబ్బా కోసం అని చెబితే పరువు పోతుంది. ఎప్పటిలాగా నీళ్ళు లేవని రాద్దామంటే, నాలుక మీద పులుసు రుచి ఇంకా ఉంది. చివరికి 'చూశాను. 2.10' అని రాసి సంతకం పెట్టాడు.

ప్రభుత్వ సంతకం పక్కన 'చూశాను' అన్న మాట కాలనీ వాళ్ళు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. సామ్యేలు ప్రార్థన చేశాడు. జీపు కదిలేటప్పుడు హన్నమ్మ వెంట నడుస్తూ, "మళ్ళా ఎప్పుడొస్తావు నాయనా?" అంది. ఊరు దాటాలన్న తొందరలో ఆయన "బుధవారం" అనేశాడు.

ఉదయగిరిలో వాళ్ళ జీపు ఆఖరుగా చేరింది. ఆట స్ఫూర్తిని కాపాడినందుకు వెంకటరమణ డి.ఇ. గారికి ఒక స్టీలు గిన్నె బహూకరించి, ఫోటో తీశాడు.

బుధవారం వచ్చింది, ఆయన వెళ్ళలేదు. గురువారం పొద్దున కాలనీయే ఆఫీసుకు వచ్చింది. నలభై మంది, ముందు వరసలో సామ్యేలు, చేతిలో ఆ కాగితం. డి.ఇ. గారు కిటికీలోంచి చూసి చెంచయ్యను పిలిచాడు.

"ఏందిరా చెంచయ్యా ఇది?"

"నీళ్ళు చూపించినారు గదా సార్, బోరెప్పుడని వచ్చినారు."

"నేనెక్కడ చూపించినాను? డబ్బా కోసం కదా పోయింది!"

"ఆ మాటే బయటకెళ్ళి చెప్పమంటారా సార్?" అన్నాడు చెంచయ్య వినయంగా. "లాగ్ బుక్కులో మాత్రం భూగర్భ జల పరిశీలన అని ఉండాది. సంతకం తమరిదే."

మనుషుల్ని ప్రజాసేవకు పురికొల్పే కారణాలు అనేకం ఉన్నాయి. వాటిలో భయం అన్నింటికన్నా నమ్మదగినది. ఆఫీసు వారి బోరు యంత్రం ఆ రోజు చేజర్ల వైపు బయలుదేరుతోంది. అక్కడ ఒక పెద్దమనిషి మామిడితోట ప్రజావసరం కింద దాహంతో ఉంది. డి.ఇ. గారు యంత్రాన్ని ఒక్కరోజుకు మూడో నంబరుకు మళ్ళించాడు. ఆయన పథకం తేలికైనదే: ఎలాగూ నీళ్ళు పడవు, పడలేదని నాలుగోసారి రాసేస్తే పీడ పోతుంది.

సున్నపు వలయంలో బోరు మొదలైంది. ఎనభై అడుగులకు పొడి దుమ్ము వచ్చింది. వందకూ దుమ్మే. డి.ఇ. గారు మంచం మీద కూర్చుని, నాలుగో ధృవీకరణ వాక్యాన్ని మనసులో కూర్చుకుంటున్నాడు. జనం ముఖాలు చూడకుండా ఉండటానికి బూట్ల వంక చూస్తున్నాడు. నూట ముప్పై దగ్గర దుమ్ము తడిసింది. నూట నలభై దాటగానే గొట్టం లోంచి నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు లేచి అందరి మీదా పడ్డాయి.

ఆడవాళ్ళు అరిచారు. యంత్రం మీది కూలీలు కూడా అరిచారు. సామ్యేలు మోకాళ్ళ మీద పడ్డాడు. హన్నమ్మ మాత్రం అరవలేదు; బురదలో నిలబడి, రెండు చేతులూ దోసిలి పట్టి, నిండిన నీళ్ళను తాగకుండా వాటి వంకే చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఆ దోసిలిని అట్లాగే మోసుకొచ్చి డి.ఇ. గారి ముందు నిలబడింది. "తాగు నాయనా. నువ్వు చూపించినవే."

ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో, తన సంతకం వల్ల నేల లోంచి బయటికొచ్చిన నీళ్ళు ఆయన అంత దగ్గరగా చూడలేదు. తాగాడు. కళ్ళద్దాల మీద నీళ్ళు పడ్డాయని చెప్పి చాలాసేపు తుడుచుకున్నాడు. మర్నాడు డాక్టరు చూస్తే రక్తపోటు నూట ముప్పై. మందు బాగా పనిచేసిందని డాక్టరు సంతోషించాడు.

పంపు బిగించాక ప్రారంభోత్సవం జరిగింది. మైకు వచ్చింది, నాయకుడొకాయన వచ్చాడు. "సోదర సోదరీమణులారా! మన ఇంజనీర్లు అత్యాధునిక శాస్త్ర పద్ధతులలో, రేయనక పగలనక శ్రమించి, భూమాత గుండె చప్పుడు విని, ఈ గంగను వెలికి తెచ్చారు. దీని వెనుక మా పార్టీ నిరంతర కృషి ఉన్నది" అని చెప్పి, పంపు నాలుగుసార్లు కొట్టి, ఐదోసారి ఆయాసం రాగా కారెక్కాడు.

కథ ఇక్కడ ఆగిపోతే దేశం బాగుపడుతోందని అపోహ కలిగే ప్రమాదముంది. అదృష్టవశాత్తూ అట్లా జరగలేదు. చేజర్ల పెద్దమనిషికి మామిడిపూత రాలింది, ఆయనకు కోపం వచ్చింది. పై ఆఫీసుకు ఉత్తరం వెళ్ళింది. పై ఆఫీసు వారు ఫైలు తెరిచి నిర్ఘాంతపోయారు. నెలలోగా డి.ఇ. గారికి తాఖీదు వచ్చింది: 'జలము లేదని తమచే మూడు పర్యాయములు ధృవీకరింపబడిన స్థలమందు జలము పడుటకు గల కారణములను వారము దినములలోగా తెలియజేయవలెను.'

చిక్కు చిన్నది కాదు. నీళ్ళు ఉంటే మూడు ధృవీకరణలూ అబద్ధం, ఉద్యోగం పోతుంది. ధృవీకరణలు నిజమైతే నీళ్ళు లేవు. నీళ్ళ అభిప్రాయం ఎవరూ అడగలేదు.

నెల్లూరు నుంచి జనార్దనయ్య అనే విచారణాధికారి మే నెల ఎండలో మూడో నంబరుకు వచ్చాడు. చర్చి వరండాలో బల్ల వేశారు. డి.ఇ. గారు ముందు రాత్రి ఒక నిర్ణయానికి వచ్చి ఉన్నాడు. లేచి నిలబడి అన్నాడు: "సార్, నిజం చెప్పేస్తాను. ఇక్కడ నీళ్ళు ఉండాయి. నేను రాసిన మూడు కాయితాలూ ఆఫీసులో కూర్చుని రాసినవి. ఆ రోజు నేను వచ్చింది కూడా నీళ్ళ కోసం కాదు సార్, డబ్బా కోసం..."

జనార్దనయ్య కలం ఆపాడు. "ఏం డబ్బా?"

హన్నమ్మ లేచింది.

"సార్‌కి ఎండదెబ్బ తగిలినట్టుండాది. ఏందేందో మాట్లాడతుండాడు. ఎవురన్నా ఒక బిందె నీళ్ళు తీసకరాండి" అంది. నీళ్ళు వచ్చాయి. డి.ఇ. గారి తల తడిపారు. జనార్దనయ్య కూడా రెండు చెంబులు తాగి, "అబ్బ, కొబ్బరినీళ్ళలా ఉన్నాయే" అని మెచ్చుకుని, మూతి తుడుచుకుని విచారణ కొనసాగించాడు.

"చెప్పండి. ఈ కాలనీలో నీళ్ళు ఉన్నాయా?"

"లేవు సార్" అన్నాడు సామ్యేలు. పన్నెండు దరఖాస్తులు రాసిన మనిషికి సర్కారు మనసు కొంత తెలుసు. డి.ఇ. గారి మీద అభిమానం ఒకటి. ఆ ఏటి కరువు పనులు, అదనపు బియ్యం నీళ్ళు లేని ఊళ్ళకే ఇస్తున్నారన్న సంగతి ఇంకొకటి.

"మరి ఆ పంపు?"

"పంపు ఉండాది సార్. నీళ్ళు లేవు."

"ఇప్పుడు నేను తాగింది?"

సామ్యేలు ఖాళీ చెంబు వంక చూశాడు. జనార్దనయ్యే దయతలచి, "అది విచారణ పరిధిలోకి రాదులే" అన్నాడు. ఆయనకు కావలసింది కూడా ఫైలు పాత కాగితాలతో ఏకీభవించడమే. జలము లేదని రాసి అందరి దగ్గరా సంతకాలు తీసుకున్నాడు. హన్నమ్మ వేలు తడిగా ఉండి సిరా పట్టకపోతే, చీర కొంగుకు తుడిపించి మళ్ళీ వేలిముద్ర వేయించాడు. తిరిగి వెళ్ళేటప్పుడు రెండు క్యాన్ల నిండా నీళ్ళు పట్టించి జీపులో పెట్టించుకున్నాడు. నెల్లూరులో ఆయన ఇంటి నీళ్ళు ఉప్పగా ఉంటాయట.

రామనారాయణ గారి మూడు ధృవీకరణలూ అక్షరసత్యాలని తేలింది. ఆయన నిజాయితీని మెచ్చుకుంటూ పై ఆఫీసు ఉత్తరం కూడా వచ్చింది. ఆయన దాన్ని చదివి సొరుగులో పడేసి, ఆ పూట అన్నం తినలేదు.

మరుసటి ఏడాది ఎండాకాలంలో మూడో నంబరు పంపు లోపలి తోలు వాషరు అరిగిపోయింది. సామ్యేలు మరమ్మతుకు దరఖాస్తు పెట్టాడు. డి.ఇ. గారు ఫైలు తెప్పించి చూశాడు. రికార్డు ప్రకారం అక్కడ నీళ్ళు లేవు. లేని నీళ్ళను తోడే పంపుకు వాషరు మంజూరు చేస్తే ఇంకో జనార్దనయ్య వస్తాడు. ఆయన కలం తీసి, తిరస్కరించడమైనదని రాసి, సంతకం పెట్టి, కాగితాన్ని సామ్యేలుకే ఇచ్చాడు.

తర్వాత ఇంకో తెల్లకాగితం తీసుకుని, మర్నాటికి సెలవు కోరుతూ తన పై అధికారికి అర్జీ రాశాడు. కారణం: విశ్రాంతి.

మర్నాడు ఉదయం ఏడు గంటల బస్సులో, లుంగీ, చొక్కాతో, సంచీలో రెంచీలు, బజారులో కొన్న వాషరు పెట్టుకుని ఆయన కాలనీలో దిగాడు. చెంచయ్య కూడా సెలవు పెట్టి వచ్చాడు. ఇద్దరూ కలిసి గొట్టాలు పైకి లాగారు. అరచేతులు బొబ్బలెక్కాయి. మధ్యాహ్నం రెండింటికి నీళ్ళు వచ్చాయి.

ఆ రోజు రామనారాయణ గారు ఏ పనీ చేయలేదని రికార్డులో ఉంది.